రెండో అంతస్తు దండెం

పొద్దుగాల షట్టరు లేపంగనే రెబెకా మొదలు కుట్టుమిషనుకు నూనె పెడతది, తర్వాత బయటికొచ్చి పైకి చూస్తది. జమ్మికుంటల గా వరుస మడిగెల దుకాణాలు నడిపేటోళ్లందరికి ఇప్పుడు గదే అలవాటు. మడిగెల ఎనుక పాత జిన్నింగు మిల్లు జాగ ఉన్నది. మిల్లు కూలగొట్టి ఏండ్లాయె, సర్కారు తుమ్మ తప్ప అండ్ల ఏం మిగల్లే. అయినా గా జాగ మీద, తాటిచెట్టంత ఎత్తుల, ఉత్త గాలిల, వరుస మీద వరుస దండేలు. వాటి నిండ బట్టలు. చీరెలు, లుంగీలు, బడి పిల్లల అంగీలు, పసిపిల్లల గుడ్డలు. ఎవలు ఆరేస్తున్నరో కనవడరు. వాన వచ్చే ముందర మాత్రం అన్నీ లోపలికి పోతయి. అది చూసే మార్కెట్ల రైతులు పత్తి మీద టార్పాలిన్ పట్టాలు కప్పుకుంటున్నరు.

మున్సిపాలిటోళ్లు గేటుకు నోటీసు అంటించిన తెల్లారి నుంచి ఆరుతున్నయవి. ఇన్నేండ్లు పట్నం నక్షల గా జాగ దుకాణాలకని ఉండె. ఇప్పుడు దాన్ని ఇండ్ల జాగ కింద మారుస్తరట, అపార్టుమెంట్లు లేస్తయట. ఎవలికన్న అభ్యంతరం ఉంటే బేస్తారం నాడు ఆఫీసుకొచ్చి చెప్పుకోవాలె. మార్చుడంటే మరి ముందటి మడిగెలన్నీ పోవుడే కదా. చెప్పేటోళ్లకేం, నోటీసు అంటించి పోయిండ్రు.

మడిగెలోళ్లందరు రెబెకా దుకాణం ముందట కూడిండ్రు. "ఆఫీసర్ల ముందట నిలబడితె నాకు నోరు పెగలదు" అన్నడు మోటార్లు బాగుజేసే మొండయ్య. "నువ్వైతే ఆయితారం ఆయితారం చర్చిల వాక్యం చదువుతవు. అంతమంది ముందట చదివేదానివి, నీకు గీళ్లొక లెక్కనా? మా అందరి తరపున నువ్వే చెప్పాలె."

"అవునే రెబెకా, నీ నోటితోనే కావాలె" అన్నది గాజుల గంగుబాయి.

రెబెకా సరేనన్నది. ఎందుకనదు? పెనిమిటి పోయినంక బిడ్డ ఆరాధనను గా మడిగెలనే పెంచింది. బిడ్డ ఇప్పుడు కరీంనగర్ల నర్సింగు చదువుతుంది. మడిగె ఎనుక సగానికి పరదా కట్టుకొని రెబెకా అండ్లనే వండుకుంటది, అండ్లనే పండుకుంటది. మడిగె పోతే ఆమెకు పనీ పోతది, కొంపా పోతది.

మరునాడు తమ్ముడు అహరోను వచ్చిండు. పత్తి మార్కెట్ల హమాలీ. వచ్చి చానసేపు కత్తెర తిప్పుకుంట కూసున్నడు.

"అక్కా, నువ్వే మాట్లాడుతవటగదా?"

"మాట్లాడాలె మరి. ఎందుకడుగుతున్నవ్?"

"ఏం లేదు. గా అపార్టుమెంట్ల కొన్ని చిన్న ఇండ్లు మాసొంటోళ్లకు ఇయ్యాల్నని రూలున్నదట. నేను పేరిచ్చిన." కత్తెర బల్ల మీద పెట్టిండు. "బాపు పోతె కిరాయింటి ఓనరు గడప లోపలికి రానియ్యలే, యాదికున్నదా? శవం ఇంట్లకొద్దని చర్చి కాంపౌండ్ల టెంటేసి పండవెట్టినం. మనల్ని కన్న అవ్వకు గట్ల కావద్దనే నా ఆరాటం. నిన్నేం అంటలేను అక్కా."

అనకుంటనే అనేసి పోయిండు. రెబెకాకు ఆ పూట బువ్వ సయించలే.

పగటీలి బయటికొచ్చి దండేల దిక్కు చూసింది. రెండో అంతస్తు ఎత్తుల ఒక అంగీ ఊగుతుంది. దాని కుడి భుజం మీద రెండు పొరల బట్ట. బస్తాలు మోసి మోసి చినుగుతదని తమ్ముని అంగీలకు ఆమె గట్లనే కుడతది, ఇంకెవలు కుట్టరు. పక్కన అవ్వ తెల్లచీరె. ఆ పక్కన పాకురు రంగు జాకెట్, పాలపిట్ట రంగు అంచు. రెబెకా గుర్తువట్టింది. గా బట్ట ఇంకా ఆమె బల్ల మీదనే ఉన్నది, కత్తెర తాకలే. తమ్ముని పెండ్లాం ప్రేమమ్మ క్రిస్మస్‌కు కుట్టుమని ఇచ్చిపోయిన బట్టది. వాళ్లింట్ల క్రిస్మస్ జాకెట్ ఆడబిడ్డే కుట్టాలె, బయట ఇయ్యరు. అంటే దండేల మీద ఊగుతున్నయి రేపు గా అపార్టుమెంట్ల ఉండబోయేటోళ్ల బట్టలన్నట్టు.

అప్పుడు రెబెకాకు ఒక ఆలోచన వచ్చింది. పాడు ఆలోచన, ఆమెకూ తెలుసు. కుట్టని జాకెట్ దండెం మీద ఎట్లుంటది? కుట్టకుంటె దండెం లేదు, దండెం లేకుంటె ఇండ్లు లేవు, మడిగె ఉంటది.

బట్ట మలిచి సంచిల పెట్టుకొని పోయింది. "నాకు చేతనైత లేదు ప్రేమమ్మా, ఎవలికన్న ఇచ్చుకో" అన్నది.

ప్రేమమ్మ బట్ట అందుకోలే. "నా మీద ఏమన్న కోపముందా వదినె? ఉంటే తిట్టు, గిట్ల మాత్రం చెయ్యకు."

రెబెకా బట్టను మంచం మీద పెట్టి వచ్చేసింది. సాయంత్రం చూస్తే రెండో అంతస్తుల తమ్మునోళ్ల దండెమొక్కటే ఖాళీ. మిగిలిన బట్టలన్నీ ఎక్కడియక్కడనే ఊగుతున్నయి. ఒక్కటి తగ్గలే.

తెల్లారి అహరోను పనికి పోకుండ వచ్చిండు. "ఆఫీసుకు పోయిన అక్కా. మాకు రాదంటున్నరు. ఎందుకంటే చెప్పరు. పోనీ తియ్, మన నసీబు." నవ్వబోయిండు, నవ్వు రాలే. మొఖం దిప్పుకొని మార్కెట్ దిక్కు పోయిండు.

రెబెకా బయటికొచ్చి ఖాళీ దండెం దిక్కు చూసింది. మడిగె కోసం చేసిన పని మడిగెను కాపాడలే, అవ్వ చీరెను మాత్రం దండెం మీదికెల్లి గుంజేసింది. దేవుని ముందట చెప్పుకుందామన్నా సిగ్గయింది.

బేస్తారం వచ్చింది. మడిగెలోళ్లు షట్టర్లు వేసుకొని ఆఫీసుకు నడిచిండ్రు. "నువ్వు ఎనుకనుంచి రా, జల్ది రా" అని గంగుబాయి కేకేసి పోయింది. రెబెకా మాత్రం వేరే దిక్కు నడిచింది. ప్రేమమ్మ వాకిలి ఊడుస్తుంది. "బట్ట ఎవలికన్న ఇచ్చినవా?"

"ఎవలికిస్త వదినె?" ప్రేమమ్మ లోపలికి పోయి తెచ్చింది. ఎందుకనీ అడగలే, ఎప్పుడిస్తవనీ అడగలే.

రెబెకా మడిగెకొచ్చి బట్ట బల్ల మీద పరిచి కత్తెర పెట్టింది. ఆఫీసుల ఆమె పేరు పిలుస్తుంటరు గిప్పుడు. ఆమె నోరు తెరిస్తె ఇండ్లు ఆగుతయేమో, మడిగె నిలుస్తదేమో. తెరిస్తె తమ్మునికి ఏ అంతస్తూ ఉండదు. ఏడ్చుకుంటనే కుట్టింది. కండ్లు కనవడక చంక కాడ ఒక్కసారి తప్పు పోయింది, ఇప్పి మల్ల కుట్టింది. హుక్కులు కుట్టి, దారం కొరికి, బయటికొచ్చి చూసింది. రెండో అంతస్తు దండెం మీద జాకెట్ ఊగుతుంది. చూస్తుండంగనే దాని పక్కన తమ్ముని అంగీ వచ్చింది, అవ్వ చీరె వచ్చింది.

మడిగెలోళ్లు పగటీలికి తిరిగొచ్చిండ్రు. మొండయ్య ఆమె మొఖం చూడకుండ షట్టరు లేపుకున్నడు. గంగుబాయి మాత్రం వచ్చి ముందట నిలబడ్డది.

"ఎవలు మాట్లాడుతరని సార్ రెండుసార్లు అడిగిండు. ఒక్కరు లేవలే. అభ్యంతరాలు లేవని రాసుకున్నడు. అయిపోయింది." షట్టరుకు చెయ్యి ఆనించింది. "నేను దర్వాజ దిక్కే చూస్తున్న. వస్తవు వస్తవని."

రెబెకా మడిగె మెట్టు మీద కూసున్నది.

"నిజం చెప్పు. నీకేమన్న ఇస్తమన్నరా? నీది ఏ అంతస్తు?"

"నాది లేదు గంగుబాయి. నువ్వే చూడు."

గంగుబాయి కొంగు నెత్తికి అడ్డం పెట్టుకొని మీది వరుస నుంచి కింది వరుస దాక చూసింది. ఒక్కొక్క చీరెను, ఒక్కొక్క లంగాను చూసింది. రెండో అంతస్తుల అంగీ భుజం కాడ ఆమె చూపు ఆగింది. హమాలీ అంగీ ఎవలిదో బజార్ల అందరికి ఎరుకే. మల్ల మొదటి నుంచి చూసుకుంట వచ్చింది. ఈసారి రెబెకా కోసం కాదు, తన చీరె కోసం.

చానసేపటికి కొంగు దించింది. "నాది గూడ లేదే" అన్నది మెల్లగ.

"జర జరుగు" అని మెట్టు మీద రెబెకా పక్కన కూసున్నది. ఇద్దరు బజారు దిక్కు చూసిండ్రు.

"మరి మనం ఏడ ఉంటమే?" అన్నది గంగుబాయి.