మొదలుపెట్టమంటారా?

తమదే అని నమ్ముకున్న ఇంటి ముందుగది కిటికీలో ఎవరో ముక్కూమొహం తెలియని ఆడమనిషి స్టూలెక్కి కర్టెన్లకి కొలతలు తీసుకుంటోంది.

లోర్నా కారులోంచి చూసి, వీధి తప్పామేమో అనుకుంది. తప్పలేదు. నీలిరంగు గేటు అదే. గేటు పక్కన హైడ్రేంజియా పొద అదే. ఫైలీ ఊరి చివర సముద్రానికి ఎదురుగా ఉన్న, ఒక్క మెట్టు కూడా లేని ఆ పొట్టి ఇల్లూ అదే.

"నువ్వు దిగకు. నేను వెళ్లి అడుగుతా," అంది అక్క థెల్మా, ఇంజన్ ఆపేసి.

"నా ఇల్లక్కా. నేనే అడుగుతా."

రెండు చేతికర్రల మీద లోర్నా కారు దిగుతున్నంతసేపూ లోపలి ఆవిడ టేపు చేత్తో పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది.

ఎడమకాలు జనవరిలో మొరాయించింది. వసంతం వచ్చేసరికి కుడికాలూ దాని దారే పట్టింది. నరాల జబ్బు. మందు లేదు. పెద్ద డాక్టరు ఏమీ దాచకుండా చెప్పేశాడు: చలికాలానికి చక్రాల కుర్చీ, ఆ తరవాత చేతులు, ఆ తరవాత మాట. ఆ రోజు నుంచి ఆమె భర్త క్లైవ్ ఇంట్లో ఆ జబ్బు పేరు పలకలేదు. స్కార్‌బరోలో వాళ్ల ఇల్లు కొండవాలున నిట్టనిలువుగా ఉంటుంది. వంటిల్లు కింద, బాత్రూమ్ పైన. లోర్నాకి మిగిలిన కోరిక ఒక్కటే. కాళ్లు పూర్తిగా పడిపోకముందే ఆ నీలిరంగు గేటు తీసుకుని, తన కాళ్ల మీద తను, తన ఇంట్లోకి నడవాలి. ఎవరూ ఎత్తుకెళ్లి లోపల దించకూడదు.

సెప్టెంబరు సగం గడిచింది.

ఆ ఇల్లు అమ్ముతున్న స్టాన్లీ హార్కర్ ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులతోనే గేటు దాకా వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఫోన్ చేద్దామనే అనుకున్నానమ్మా. ధైర్యం చాల్లేదు."

"ఎవరావిడ?"

"ఇల్లు కొన్నావిడ."

"కొన్నది మేం కదా?"

థెల్మా ఊరుకోలేదు. "ఫిబ్రవరిలో మా చెల్లెలి చెయ్యి పట్టుకుని మాటిచ్చావు పెద్దాయనా. కేకు కూడా పెట్టావు. ఎవరో నాలుగు పౌండ్లు ఎక్కువిస్తామంటే ఆ కేకు అరిగిపోయిందా?"

"తగ్గించి ఇచ్చానమ్మా, ఎక్కువ కాదు! మా ఆవిడ సమాధి మీద ఒట్టు." ముసలాయన గేటు పట్టుకున్నాడు. "హల్ నగరంలో వయసుమళ్లినవాళ్ల ఫ్లాట్లలో నాకు ఈస్టర్ పండగకే చోటు దొరికింది. నా కోసం వాళ్లు ఎన్నాళ్లని ఆపుతారు? మీ లాయర్ని అడిగి అడిగి మా లాయరు నోరు నొప్పెట్టింది. 'మావాళ్లు ఇంకా పని మొదలుపెట్టమనలేదు' అన్నదే జవాబు. ఈ కొన్నవాళ్లకి అమ్ముకోవలసిన ఇల్లు లేదు, ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. చూసిన వారమే లాయరుకి పని అప్పజెప్పారు. పోయిన శుక్రవారం ఇద్దరం సంతకాలు చేసి ఒప్పంద పత్రాలు ఇచ్చిపుచ్చుకున్నాం. ఇక నేను కావాలన్నా వెనక్కి రాలేను."

"మొదలుపెట్టమనలేదా?" లోర్నా ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. "ఊరి కౌన్సిల్ వాళ్లు కాగితాలివ్వడం ఆలస్యం చేస్తున్నారని కదా విన్నాను?"

"కౌన్సిల్ దాకా ఎక్కడొచ్చిందమ్మా? మీ వైపు నుంచి ఒక్క కాగితం కదల్లేదు."

కిటికీలో ఆవిడ కొలత తప్పిందో ఏమో, మళ్లీ మొదట్నుంచి టేపు పరిచింది.

కారులో థెల్మా దారి పొడుగునా తిడుతూనే ఉంది. ముందు హార్కర్‌ని, తరవాత కిర్‌స్టీని. లోర్నా వాళ్ల ఇల్లు కొనుక్కుంటున్న పిల్ల కిర్‌స్టీ. ఆ పిల్ల కదిలితే లోర్నా కదలాలి, లోర్నా కదిలితే హార్కర్ కదలాలి. ఎక్కడ ఒక్కరు ఆగినా గొలుసంతా ఆగిపోతుంది.

"కింది కొసే తెగి ఉంటుంది చూడు. ఈ కాలం పిల్లలు చొక్కా కొన్నట్టు ఇల్లు కొంటారు. నచ్చకపోతే వాపసు."

కిర్‌స్టీ పనిచేసే బేకరీ కొండ కిందే. థెల్మా హారన్ కొట్టింది. ఆ పిల్ల ఏప్రనుకి చేతులు తుడుచుకుంటూ కారు కిటికీ దగ్గరికి వచ్చి, లోర్నాని చూసి తల దించుకుంది.

"కోపమొచ్చిందా ఆంటీ?"

"దేనికి?"

"మేం వేరే ఇల్లు చూసుకున్నందుకు."

థెల్మా "చెప్పానా!" అని అందుకోబోయింది. లోర్నా ఆమె మోచేయి పట్టుకుని ఆపింది.

"ఎందుకు తప్పుకున్నావమ్మా? మొదలే పెట్టలేదా మీరు?"

"మేమా? మీరు సరేనన్న మర్నాడే పెట్టాం ఆంటీ! ఇల్లు పరీక్షించడానికి సర్వేయరు వచ్చి మీ సెల్లార్లో తల బద్దలు కొట్టుకుంటే మీరే ఐసు పెట్టారు కదా. మా లాయరు మీవాళ్లకి ప్రశ్నలు పంపి పంపి విసిగిపోయాడు. ఒక్కదానికీ జవాబు లేదు. ఇంతలో బ్యాంకు మాకు అప్పిస్తానన్న గడువు దాటిపోయింది. మీకు ఇష్టం లేదేమో అనుకున్నాం." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "మీ ఆయనకి చెప్పానే! ఇక్కడికి రొట్టె కొనుక్కోడానికి వచ్చినప్పుడు. చెప్పలేదా?"

"ఏమన్నాడు?"

"తిడతారనుకున్నా. ఏమీ అనలేదు. 'మంచిదమ్మా, సుఖంగా ఉండండి' అని నా చెయ్యి నొక్కి వెళ్లిపోయారు. బరువేదో దిగినట్టు కనిపించారు ఆంటీ."

థెల్మా ఈసారి ఎవర్నీ తిట్టలేదు. కారు తిప్పింది.

లోర్నాకి గోడ మీద కొత్త రెయిలింగు గుర్తొచ్చింది. క్లైవ్ వడ్రంగి. మెట్లకి ఒకవైపు ఉన్నది చాలక, ఈ వారం రెండోవైపు కూడా బిగించాడు. "వదిలేసి పోయే ఇంటికి ఇంత నునుపెందుకయ్యా?" అని తను నవ్వింది. "పోయేదాకా పడకుండా ఉండాలిగా," అన్నాడతను, మొహం తిప్పుకుని.

"లాయరు దగ్గరికి పోనీ అక్కా. ఆ నదియా ఏదో మర్చిపోయి ఉంటుంది," అంది లోర్నా. తన గొంతు తనకే అబద్ధంలా వినిపించింది.

లాయరు నదియా హుస్సేన్ ఆఫీసు మేడమీద. లోర్నా ఎక్కలేదని ఆమే కిందికి దిగి వచ్చింది. కింది హాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. విషయమంతా వింది.

"మొదట్లో ఆగమన్నది నేనే," అంది. "హార్కర్ గారికి వెళ్లే చోటు దొరక్కుండా మనం పని మొదలుపెడితే, ఇంటి గురించి కౌన్సిల్లో చేయించిన విచారణలన్నీ పాతబడిపోతాయి, మళ్లీ చేయించాలి. అందుకని గొలుసు పైకొస తేలేదాకా ఆగుదాం అన్నాను. ఆయనకి ఫ్లాట్ దొరికిందని తెలిసిన రోజే ఫోన్ చేశాను. మొదలుపెట్టమంటారా అని అడిగాను. ఆగమన్నారు."

"ఎవరు?"

నదియా థెల్మా వైపు చూసింది, మళ్లీ లోర్నా వైపు. "ఫోన్లో మాట్లాడితే ఒళ్లు అలిసిపోతోంది, అన్నీ మా ఆయనతోనే మాట్లాడండి అని మీరే చెప్పారు కదండీ. వారం వారం అడిగాను. వారం వారం 'ఇంకొన్నాళ్లు ఆగమ్మా' అనేవారు. ఇద్దరూ అనుకునే చెప్తున్నారనుకున్నాను."

"ఇప్పుడు మొదలుపెట్టు."

"దేన్ని మొదలుపెట్టనండి?" నదియా ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "మీ ఇల్లు కొనేవాళ్లు లేరు. మీరు కొనే ఇల్లు లేదు. మళ్లీ మొదట్నుంచి వెతుక్కుని, ఇద్దరూ దొరికి, అంతా సవ్యంగా జరిగినా..."

"జరిగినా?"

"వచ్చే వేసవి అవుతుంది."

వచ్చే వేసవికి తనకి ఏం మిగిలి ఉంటుందో లోర్నాకి డాక్టరు వివరంగానే చెప్పాడు.

ఇంటి ముందు థెల్మా కూడా దిగబోయింది. "వాణ్ణి నాకొదిలెయ్. వాడి ఉలితోనే వాణ్ణి చెక్కుతాను."

"వద్దక్కా. నువ్వు వెళ్లు."

తలుపు తెరవగానే పచ్చిరంగు వాసన గుప్పుమంది. క్లైవ్ మెట్ల మధ్యలో మోకాళ్ల మీద ఉన్నాడు. చేతిలో కుంచె.

"తడిగా ఉంది, పట్టుకోకు," అన్నాడు తిరిగి చూడకుండా. "ఈ పూటకి నేనెత్తుకుంటాలే."

"హార్కర్ ఇంట్లో ఎవరో కర్టెన్లకి కొలతలు తీసుకుంటున్నారు."

కుంచె ఆగింది. దాని చివర్న రంగు ఊరి, మెట్టు మీద ఒక చుక్క పడింది. జీవితమంతా ఒక్క చుక్క కింద పడకుండా పనిచేసిన మనిషి, దాన్ని తుడవలేదు.

"టీ పెట్టనా?" అన్నాడు.

"నువ్వు టీ పెట్టొద్దు. నన్ను పైకీ మొయ్యొద్దు. ఇలా వచ్చి కూర్చో."

లోర్నా కర్రలు గోడకి ఆనించి కింది మెట్టు మీద కూలబడింది. అతను ఆమెకి పై మెట్టు మీద, ఆమెకి మొహం కనిపించకుండా కూర్చున్నాడు.

"కౌన్సిల్ ఆలస్యం అన్నావు. వారం వారం అన్నావు. నేను పెట్టెలు సర్దుకుంటూ కూర్చున్నాను క్లైవ్. పింగాణీ అంతా పాత పేపర్లలో చుట్టాను, ఈ వేళ్లతో. ఎందుకు?"

అతను కుంచెని రంగు డబ్బా మీద అడ్డంగా పెట్టాడు. 

"నదియా తప్పేం లేదు. ముసలాయన తప్పూ లేదు. ఈస్టర్ అయ్యాక ఆ అమ్మాయి ఫోన్ చేసింది. సెల్లార్లో ఉన్నాను. మొదలుపెట్టమంటారా అంది. పెట్టు తల్లీ అని నోటిదాకా వచ్చింది. ఇంతలో, ముందుగా ఒక్క సంగతి తేల్చుకోవాలండీ అంది. కొనే ఇల్లు ఇద్దరి పేరునా కదా, ఒకరు పోతే మొత్తం రెండోవాళ్లకే వచ్చేలా రాయమంటారా, ఎవరి వాటా వాళ్లదేలా రాయమంటారా, మీ ఆవిణ్ణి అడిగి చెప్పండి అంది. అందర్నీ అడిగేదే పాపం, మామూలుగానే అడిగింది. పైకొచ్చాను. నువ్వు బల్ల దగ్గర బంగాళదుంపలకి తొక్క తీస్తున్నావు. అప్పటికి నీ వేళ్లు బాగానే ఆడుతున్నాయి. ఏదో పాట కూనిరాగం తీస్తున్నావు. అడగలేకపోయాను. రేపు అడుగుదాంలే అనుకుని, ఆ అమ్మాయితో ఆగమన్నాను. మళ్లీ వారం ఫోన్ చేసింది, మళ్లీ ఆగమన్నాను. మెట్లయితే నాకు చేతనవును. చెక్కపని చేతనవును. ఇటొక రెయిలింగు, అటొక రెయిలింగు, పైన నీకొక కుర్చీ చేసి ఎలాగో నెట్టుకొద్దామనుకున్నాను. కిర్‌స్టీ తప్పుకున్నామంటే గుండెల మీంచి బండ దిగింది. ఇక ఎవరూ ఆ మాట అడగరు కదా అని. శుక్రవారం ఇళ్ల బేరాలు చూసే ఏజెంటు ఫోన్ చేసి హార్కర్ ఇల్లు పోయిందన్నాడు. నీకు చెప్పాలనే బయల్దేరాను. దారిలో రంగు డబ్బా కొనుక్కుని వచ్చాను."

"మొత్తం నీకే రాయమనేదాన్ని," అంది లోర్నా. "ఒక్క నిమిషం పట్టేది కాదు."

"తెలుసు. అదే అంటావని తెలుసు. నువ్వు బంగాళదుంప పక్కన పెట్టి, తల కూడా ఎత్తకుండా, 'నేను పోయాక మొత్తం నీకే' అంటావు. ఆ మాట నీ నోటి వెంట వినలేక ఆపాను. ఇంకెవరూ కాదు లోర్నా. నేనే ఆపాను."