కుండ పారిపోయిన వారం

వాసన లేదు.

తెల్లవారుతూనే నన్ను పాకలోకి లాక్కెళ్ళేది ఆ వాసనే — కాస్త పులుపు, కాస్త తీపి, వానకు తడిసిన గడ్డివాము లాంటిది. బట్టలకు అద్దే నీలిరంగు పులిసే కుండ బతికి ఉందని చెప్పే వాసన.

ఆ రోజు లేదు.

మూత తీశాను. నురగ లేదు. పైన తేలే రాగిరంగు మెరుపు లేదు. రంగునీళ్ళు బూడిదలా పాలిపోయి ఉన్నాయి.

మా మెకాంగ్ ఏటి ఒడ్డున ఇలాంటప్పుడు కుండ చచ్చిపోయింది అనం. పారిపోయింది అంటాం. అలిగి వెళ్ళిపోయిన మనిషిని అన్నట్టు.

పారిపోయింది... మా అమ్మ కుండ.

ముప్పై ఏళ్ళు సాకి, పోయే ముందు నాకు అప్పగించింది. అమ్మకు అది ముదురు నీలం ఇచ్చేది. నాకది చాల్లేదు. నలుపుకు ఒక్క మెట్టు కింద ఆగే నీలం కావాలి నాకు. రాజధాని వియంటియాన్‌లో నేతబట్టల పోటీ. గురువారం బండి వస్తుంది. ఈసారి మొదటి పేరు నాది కావాలి. అమ్మకు ఏనాడూ రాని పేరు.

అందుకే బట్ట ముంచాను. పొద్దున ముంచాను. సాయంత్రం ముంచాను. పున్నమినాడు కూడా ముంచాను.

పున్నమినాడు కుండకు సెలవు. మా ఊళ్ళో ఎవరూ మూత తీయరు. ఊరంతా బుద్ధుడి ముందు చేతులు జోడించి కూర్చుంటే, నేను నీలంలో చేతులు పెట్టి కూర్చున్నాను. ఒక్క రోజే కదా...

కుండకు పున్నమి తెలుసా?

తెలుసేమో.

తిరిగొస్తుందేమోనని సున్నం వేశాను. చింతపండు పులుసు పోశాను. బూడిద తేట పోశాను. బియ్యపు సారా పోశాను. కలిపాను. మూత పెట్టాను. తీశాను. మళ్ళీ కలిపాను. పొయ్యి మీద అన్నం మాడింది. చేతులు ఊరుకోవు — చేతులు ఊరుకోవు.

మూడో రోజు పక్కింటి చన్సీ పెద్దమ్మ వచ్చింది. అమ్మకు రంగు నేర్పింది ఆవిడే. కుండలో వేలు ముంచి, నాలుకకు రాసుకుని, ఉమ్మేసింది.

"ఏం చేశావే బువాలా?"

"నేనేం చేయలేదు పెద్దమ్మా. మొన్న ఇటు శవం వెళ్ళింది కదా... కుండకు అది గిట్టలేదేమో."

"ఆహా! లేచొచ్చి కాదని చెప్పలేడని ఆ పోయినాయన మీద తోస్తున్నావా? పున్నమి సాయంత్రం ఏమీ ఎరగనట్టు గుడికొచ్చావు. నీ గోళ్ళు చూశాలేవే. నీలం తడైనా ఆరలేదు."

గోళ్ళు పిడికిట్లో దాచుకున్నాను.

"ఇప్పుడేం వేయమంటావు?"

"ఏమీ వేయకు. తొమ్మిది రోజులు మూత ఎత్తకు."

"గురువారం బండొస్తుంది పెద్దమ్మా!"

"వస్తే రానీ, పోతే పోనీ. కొత్త కోడలి వెనక అత్త తిరిగినట్టు గడియకోసారి మూత తీసి చూస్తుంటే ఏ కుండ నిలుస్తుందే? ఈ వయసులో నేనైనా లేచిపోదును."

నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది.

మనిషి జడుసుకుంటే ప్రాణాన్ని పిలిచి మణికట్టుకు తెల్లదారం కడతాం. కుండకూ అంతే. పెద్దమ్మ దాని మెడకు దారం చుట్టి పిలిచింది. "రా తల్లీ, రా. నీ చోటు నీకే ఉంది." మిగిలిన ముక్క నా మణికట్టుకు కట్టింది. "ఇది కుండకన్నా దూరం పోయింది" అని గొణుక్కుంటూ వెళ్ళింది.

తిరిగాను. ఏటి దాకా వెళ్ళాను, వచ్చాను. ఊడ్చిన వాకిలే ఊడ్చాను. సగం రంగు పట్టిన బట్ట తీగ మీద ఊగుతూ నన్ను చూసింది.

ఒక దారి ఉంది. ఇంకో ముద్ద నీలిమందు, ఇంత సున్నం వేసి కుండను వేడెక్కిస్తే చివరి రంగు ఒకటి పిండుకోవచ్చు. పోటీకి చాలు. ఆ తర్వాత కుండ ఇక ఎప్పటికీ రాదు.

బుధవారం మధ్యాహ్నం ముద్ద చేత్తో పట్టుకుని పాకలో నిలుచున్నాను. చేయి చాచాను.

దారం కనిపించింది. తెల్లగా.

ఇరవై ఏళ్ళలో నా చేతి మీద తెల్లనిదేదీ నిలవలేదు. ఇది మూడు రోజులుగా నిలిచింది. ముంచితే నీలమవుతుంది. చాలాసేపు దాన్నే చూశాను. ముద్దను ఆకులో చుట్టి అటక మీద పెట్టేశాను.

గురువారం బండి వచ్చింది.

"బట్టేదక్కా?" అన్నాడు డ్రైవర్.

"లేదు."

"ఏడాదంతా ఊదరగొట్టావు కదా!"

"కొట్టాను."

బండి వెళ్ళిపోయింది. గుండె పగులుతుందనుకున్నాను. పగల్లేదు. ఆకలేసింది. చద్ది ముద్ద మిరపకాయ పచ్చడిలో అద్దుకుని తిన్నాను. కారం తెలిసింది. ఎన్నాళ్ళకో తెలిసింది.

అయినా చేతులు... చేతులు ఊరుకోవు.

దారం కట్టి ఏడో రోజు. తెల్లవారింది.

వాసన.

కాస్త పులుపు, కాస్త తీపి. కుండదా? ఇన్నేళ్ళుగా చర్మంలో ఇంకిన నా చేతులదా?

చూడాలి. ఇప్పుడే చూడాలి. చేయి వెళ్ళి మూత మీద ఆగింది.

ఇంకా రెండు రోజులు.

చేయి తీయలేదు. మూతా తీయలేదు. అలాగే కూర్చున్నాను. మణికట్టు మీద దారం తెల్లగా ఉంది.

వాసన ఉంది... లేదు...

ఉన్నట్టే ఉంది.