ముందు మాట్లాడిన గౌరవనీయులు

"కోడ్ కొట్టమంటోంది అక్కా. నా దగ్గర కోడ్ లేదు."

ఫోన్‌లో తమ్ముడి గొంతు వెనక గాలి కేకలు పెడుతోంది. సున్నీవా యెల్లె చేతిలోని కాఫీ కప్పును కిటికీ గట్టు మీద పెట్టేసింది. అద్దం బయట థేమ్స్ నది వానలో మట్టిరంగుకు తిరిగి ఉంది.

"ఎక్కడున్నావురా?"

"స్టాడ్ కొన దగ్గర. దాటేద్దామనుకున్నా, అది దాటనివ్వడం లేదు. ఓడ ముక్కు గాలికి ఎదురుపెట్టి ఇంజన్ ఇచ్చినంతా వాడుతున్నా. అయినా వెనక్కే పోతున్నాం. వెనక రాళ్ళు."

"లంగరు?"

"రెండూ వేశా. ఈడ్చుకొస్తున్నాయి. లాగే పడవ బయల్దేరిందట, అది వచ్చేసరికి మా బతుకు తేలిపోతుంది. ఇంజన్‌కి తాళం తీస్తే చాలక్కా. బయటపడతాను."

అస్లాక్ యెల్లె 'హావ్‌స్టైన్' అనే సరుకు ఓడకు కెప్టెన్. నిండా ఖనిజం. ఓడలో ఇంజన్ పెద్దదే గాని దాని సత్తాలో మూడో వంతుకు పైగా తాళం పడి ఉంది. పాత ఓడలు నూనె ఎక్కువ తాగి పొగ ఎక్కువ కక్కుతున్నాయని, వాటి ఇంజన్లను ఇలా బిగించాలని ప్రపంచ దేశాలన్నీ కలిసి నియమం రాస్తున్నాయి. అందులో ఒక్క వాక్యం దగ్గరే తగువు. ఓడ ప్రమాదంలో పడితే తాళం ఎవరు తీయాలి? తాళం పెట్టె అద్దం పగలగొట్టి కెప్టెనే తీయాలని కెప్టెన్లు. ఒడ్డు నుంచి కోడ్ తెచ్చుకుని తీయాలని మిగతావాళ్ళు. రెండో పద్ధతిని హావ్‌స్టైన్ మీద పరీక్షిస్తున్నారు. ఓటు ఇవాళే, ఈ భవనంలోనే.

"తాళం పెట్టె పగలగొట్టమను చీఫ్ ఇంజనీర్‌ని."

"ముట్టుకుంటే ఇంజన్ మొత్తం ఆగుతుంది. ఒక్కసారి తప్పు అంకెలు కొట్టినా ఆగుతుంది. ఎంత తెలివిగా చేశారో చూడు! కంపెనీ వాడు కోడ్ ఇవ్వడం లేదు. నువ్వు అక్కడే ఉన్నావుగా, ఎవడి దగ్గరుందో కనుక్కో."

"పెట్టేయ్. కనుక్కుంటా."

"అక్కా... నేనేం భయపడి చేయట్లేదు."

"తెలుసు. పెట్టేయ్."

నార్వేలో, బెర్గెన్‌లోని ఓడ కంపెనీ ఆఫీసులో డ్యూటీలో ఉన్న కుర్రాడి పేరు గౌతె. మొదటి మోతకే ఎత్తాడు. గొంతులో అప్పటికే ఏడుపు ఉంది.

"నా దగ్గర లేదు మేడమ్. ఒట్టు. మా కంపెనీ ఎవరికీ ఇవ్వకూడదని పరీక్ష పెట్టినవాళ్ళు మొదట్లోనే తీసేసుకున్నారు. బయటి మనిషి ఒకాయన దగ్గర ఉంటుందన్నారు. పేరు చెప్పలేదు. ఒక నంబరిచ్చారు, అంతే."

"చెయ్యి ఆ నంబరుకి."

"పొద్దున్నుంచీ చేస్తూనే ఉన్నాను. మోగుతోంది, ఎత్తడం లేదు. ఆయన ఈ వారమంతా లండన్‌లో మీటింగులో ఉంటానని మెసేజ్ పెట్టారు. మీ మీటింగే అనుకుంటా."

"నంబరు పంపు."

"నా ఉద్యోగం పోతుంది మేడమ్."

"గౌతె, నువ్వు నంబరు పంపు. లేకపోతే ఆ ఓడలో వాళ్ళ ఇళ్ళకి ఫోన్లు చేసే ఉద్యోగం నీకే వస్తుంది."

నంబరు వచ్చింది. ఆమె తలుపు తోసుకుని సభలోకి వెళ్ళింది.

వేదిక మీద ప్రేబెన్ క్రాగెలుండ్ మాట్లాడుతున్నాడు. నియమం రాసే ఉపసంఘానికి ఆయనే పెద్ద. తెల్లజుట్టు, నూలు కోటు, తాతయ్య లాంటి నవ్వు. ఇరవై ఏళ్ళు ఓడలు నడిపిన సున్నీవా, కెప్టెన్ల సంఘం తరఫున మొదటిసారి ఈ సభకు వచ్చినప్పుడు ఆమెకు ఇక్కడి మర్యాదలన్నీ నేర్పింది ఆయనే. ఇక్కడ మనుషులకు పేర్లుండవమ్మా, అని చెప్పాడు అప్పుడు. తిట్టాలన్నా 'ముందు మాట్లాడిన గౌరవనీయులు' అనే తిట్టాలి. మాట కావాలంటే బల్ల మీద మన దేశం పేరో సంఘం పేరో ఉన్న బోర్డును నిలువుగా నిలబెట్టాలి. దేశాలు ముందు, మనలాంటి సంఘాలు ఆఖర్న.

"నాలుగు నెలలుగా పరీక్ష నడుస్తోంది," అంటున్నాడు ప్రేబెన్. "ఒక్కసారైనా కోడ్ అడగాల్సిన అవసరం ఏ కెప్టెన్‌కీ రాలేదు. ఒక్కసారైనా! తుఫాను ఎక్కువగా కెప్టెన్ల నోట్లోనే ఉంటుందని మా నాన్న అనేవారు."

సభ నవ్వింది. సున్నీవా చీటీ రాసి వేదిక మీదికి పంపింది. 'హావ్‌స్టైన్ స్టాడ్ దగ్గర కొట్టుకుపోతోంది. కోడ్ కావాలి.' ఆయన చదివాడు. మడిచి కోటు జేబులో పెట్టుకుని, తరవాతి మాట ఎత్తుకున్నాడు.

ఆయన దిగి తన కుర్చీకి వచ్చాక ఆమె వెళ్ళి పక్కన వంగింది.

"ప్రేబెన్ గారూ, ఓడలో ఉన్నది నా తమ్ముడు అస్లాక్. కోడ్ దాచిన మనిషి ఈ హాల్లోనే ఉన్నాడు. మైకులో ఒక్క మాట అడగండి."

"అలా అడిగితే గందరగోళమైపోతుందమ్మా. నేను కనుక్కుంటాను." ఆయన ఆమె చేతి మీద తట్టాడు. "నువ్వు వెళ్ళి బోర్డు నిలబెట్టి కూర్చో. నీ వంతు రాగానే మాట్లాడు. ఈలోపు నేను ఆ మనిషిని పట్టుకుంటాను. సరేనా తల్లీ?"

ఆమె నమ్మింది. వెళ్ళి బోర్డు నిలబెట్టి కూర్చుంది. ఆమెకు ముందు వరసలు వరసలుగా దేశాల బోర్డులు నిలబడి ఉన్నాయి. ఒక్కో దేశం సభ అధ్యక్షురాలికి కృతజ్ఞతలు చెప్పుకుని, ఉపసంఘాన్ని మెచ్చుకుని, ఆ తరవాత విషయానికి వస్తోంది.

ఫోన్ మీద అస్లాక్ మెసేజ్‌లు ఒకదాని తరవాత ఒకటి పడుతున్నాయి.

'రాళ్ళ మీద నురగ కనిపిస్తోంది.'

'దొరికిందా?'

'అక్కా.'

పక్క కుర్చీలోని స్టమాతిస్ వూర్లాస్ మెడ చాపి చూశాడు. గ్రీసు ఓడల యజమానుల మనిషి. పదేళ్ళుగా ఇద్దరికీ ఈ హాల్లో పడదు.

"ఏంటి కెప్టెనమ్మా, మొహం అలా అయింది? మీ వాక్యం ఓడిపోతోందనా?"

"కోడ్ నీ దగ్గరుంటే ఇచ్చెయ్ స్టమాతిస్. నీ కాళ్ళు పట్టుకుంటా. స్టాడ్ దగ్గర నా తమ్ముడు చచ్చిపోతున్నాడు."

అతని నవ్వు ఆగిపోయింది. ఫోన్ లాక్కుని చదివాడు.

"నేను దొంగనే. కాని డబ్బు దొంగని. ఓడ మునిగితే నాకేం మిగులుతుంది?" గొంతు తగ్గించాడు. "ఇవాళ కోడ్ వాడితే పరీక్ష పాడైనట్టే. పాడైతే ఎవడి మొహం మాడుతుంది? ఆలోచించు."

"ఆయన కనుక్కుంటానన్నారు."

"ఎవరు? ఆ తాతా? లేచాడా కుర్చీలోంచి? ఎవరినైనా అడిగాడా? నీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. నంబరుందిగా నీ దగ్గర? ఇక్కడి నుంచే కొట్టు. ఎవడి ఫోన్ వెలుగుతుందో నేను చూస్తా."

ఆమె కొట్టింది. స్టమాతిస్ లేచి నిలబడ్డాడు. ఎక్కడా శబ్దం లేదు. కాని రెండో వరసలో, నీళ్ళ గ్లాసు పక్కన, ఒక చిన్న ఫోన్ నీలంగా వెలిగింది. ప్రేబెన్ దానికేసి చూడనైనా చూడకుండా బోర్లా తిప్పాడు. చెయ్యి దాని మీదే ఉంచుకున్నాడు.

ఆమె ఆ వరసకు ఎలా చేరిందో ఆమెకే తెలియదు. ఆయన మణికట్టు పట్టుకుంది. ఓడ తాళ్ళు లాగిన చెయ్యి ఆమెది.

"కోడ్."

"చేతులు తియ్యి. అందరూ చూస్తున్నారు."

"కోడ్ చెప్పండి!"

"ఇంకాసేపట్లో ఓటు," అన్నాడు ఆయన, చుట్టుపక్కల వాళ్ళకు వినపడకుండా. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. "ఆ పెట్టె తెరిస్తే అందులో నమోదవుతుంది. మీ వాళ్ళ సంగతి నాకు తెలియదా? సరుకు ఆలస్యమైతే జీతం కోస్తారని తాళం తీస్తారు. తీసి తుఫాను అంటారు. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి కెప్టెనూ చచ్చిపోతున్నానంటూనే ఉన్నాడు. ఎవడు చచ్చాడు? గాలి తగ్గుతుందని వాతావరణం వాళ్ళు చెప్పారు. మీ తమ్ముడిని ఓపిక పట్టమను. వేల ఓడల సంగతి ఇది, ఒక్క ఓడది కాదు."

ఆమె మణికట్టును మెలి తిప్పింది. ఎముక దగ్గర ఏదో కదిలింది. ఆయన నోటి నుంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"విరుస్తాను."

"సున్నాలు," అన్నాడు. "నాలుగు సున్నాలు."

"ఏంటి?"

"పెట్టె తయారుచేసినవాడు పెట్టి పంపిందే. నేను మార్చలేదు."

ఎవరైనా మొదట కొట్టి చూసే అంకెలు అవి. తప్పయితే ఇంజన్ ఆగిపోతుందన్న భయంతో ఓడలో ఎవరూ వాటిని ముట్టుకోలేదు. ఆమె అక్కడే నిలబడి తమ్ముడికి ఫోన్ చేసింది.

"సున్నాలు రా! నాలుగు సున్నాలు!"

అవతల మీటల చప్పుడు. తరవాత ఇంజన్ గర్జన. ఫోన్‌లో కూడా వినపడింది, అంత పెద్దగా.

"వచ్చిందక్కా," అన్నాడు అస్లాక్. "మొత్తం వచ్చింది. ఎంత మంచి ఇంజనో." ఒక్క క్షణం ఆగాడు. "ఇందాకే వెనకభాగం రాతికి కొట్టుకుంది. ప్రొపెల్లర్ పోయింది. ఇంజన్ ఉత్తినే తిరుగుతోంది."

"హెలికాప్టర్..."

"వచ్చింది. కుర్రాళ్ళని ఎక్కిస్తున్నా. నువ్వు ఫోన్ పెట్టు, నాకు రెండు చేతులూ కావాలి."

భద్రతావాళ్ళు ఇద్దరు వచ్చి ఆమెను మర్యాదగా తన కుర్చీ దాకా నడిపించారు. మాట్లాడుతున్న దేశం ఆగి, మళ్ళీ అందుకుంది. ప్రేబెన్ మణికట్టు రుద్దుకుంటూ పక్కవాళ్ళకు ఏదో చెప్పాడు. వాళ్ళు జాలిగా ఆమె వైపు చూశారు.

చాలాసేపటికి గౌతె ఫోన్ చేశాడు.

"అందరినీ ఎక్కించారు మేడమ్. అందరూ బతికారు." ముక్కు ఎగపీల్చాడు. "ఆయన ఆఖర్న తాడు పట్టుకున్నారట. కెరటం వచ్చిందట. తాడు ఖాళీగా పైకొచ్చిందట మేడమ్."

ఆమె ఫోన్‌ను బల్ల మీద పెట్టింది. స్టమాతిస్ తన నీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపాడు.

వార్త వేదిక దాకా చేరింది. అధ్యక్షురాలు ప్రేబెన్‌కు మైకు ఇచ్చింది. ఆయన లేచి కళ్ళద్దాలు తీశాడు. ఆ గొంతులో దుఃఖం ఎంత అందంగా పలికిందంటే ముందు వరసలో ఒకావిడ రుమాలు తీసింది.

"హావ్‌స్టైన్ కెప్టెన్‌కు నివాళి. అయితే నిజం దాచకూడదు. కోడ్ అడగడంలో ఆ కెప్టెన్ ఆలస్యం చేశారని తెలుస్తోంది. వాతావరణ హెచ్చరిక ఉన్నా ఆ దారిలో వెళ్ళడం ఆయన సొంత నిర్ణయం. కోడ్ ఇచ్చాక ఇంజన్ పూర్తిగా పనిచేసింది. అంటే మన వాక్యం సరైనదే. చనిపోయిన వారి తప్పును మన నియమం మీద రుద్దవద్దని వినతి."

కొందరు చప్పట్లు కొట్టారు. చావు గుర్తొచ్చి ఆపేశారు.

"ఓటుకు వెళ్ళే ముందు ఒక్క బోర్డు మిగిలింది," అంది అధ్యక్షురాలు. "కెప్టెన్ల సంఘం. క్లుప్తంగా దయచేసి."

మైకు మీద ఎర్రదీపం వెలిగింది. సున్నీవా లేచింది. ఇక్కడ ఎవరూ లేచి మాట్లాడరు.

"కెప్టెన్ తప్పు అన్నారు. ఆ కెప్టెన్ నా తమ్ముడు. నేను కాఫీ తాగుతుండగా కోడ్ అడిగాడు. రాళ్ళు దూరంగా ఉండగా అడిగాడు. నురగ కనపడగా అడిగాడు. కోడ్ ఈ హాల్లోనే ఉంది, నీళ్ళ గ్లాసు పక్కన. ఓటు అయ్యేదాకా ఇవ్వదలచుకోలేదు. నన్ను బోర్డు నిలబెట్టి కూర్చోమన్నారు. కూర్చున్నాను."

ప్రేబెన్ తల అడ్డంగా ఊపాడు, మతి తప్పిన కూతురిని చూసి ఊపినట్టు.

"సంఘం దుఃఖంలో ఉందని అర్థం చేసుకుంటున్నాం," అంది అధ్యక్షురాలు. "ఇది చాలా పెద్ద ఆరోపణ. ఎవరిని ఉద్దేశించి అంటున్నారో మాకు స్పష్టంగా లేదు."

"ముందు మాట్లాడిన గౌరవనీయులను."

"ఇవాళ చాలామంది మాట్లాడారు."

"అయితే పేరు చెబుతాను."

"ఈ సభలో వ్యక్తుల పేర్లు ఎత్తే ఆచారం లేదు. దయచేసి..."

స్టమాతిస్ తన బోర్డును ఎత్తి బల్ల మీద దబ్బున కొట్టాడు. "చెప్పనివ్వండి!"

అధ్యక్షురాలి వేలు మైకు ఆపే మీట మీదికి వెళ్ళింది. ఎందుకో అక్కడే ఆగిపోయింది.

పైన అద్దాల గదుల్లో అనువాదకులు చెవులు రిక్కించి ఆమె పెదవుల వైపే చూస్తున్నారు. ఆరు భాషల్లోనూ ఒక్కటిగానే పలికేది మనిషి పేరు. వాళ్ళకు తప్పు పోకుండా సున్నీవా ప్రతి అక్షరాన్నీ విడదీసి, ఓడలో ఆజ్ఞ ఇచ్చినట్టు చెప్పింది.

"నా తమ్ముడిని చంపింది ప్రేబెన్ క్రాగెలుండ్."