ఆయిల్ తాగే బండి

కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా, ఈ కిందనే ఎక్కడో సక్కుబాయమ్మ బర్రెల కొట్టం ఉండేదని చెబితే మా ఆఫీసు పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఆ కొట్టంలోనే మేం జపాన్ కారు ఇంజన్ విప్పి, కడిగి, మళ్లీ బిగించాం. 1998 సంగతి. అవతల హైటెక్ సిటీకి గుండ్రటి భవనం లేస్తుండేది. మధ్యాహ్నం బండలు పేల్చేవాళ్లు, ఆ చప్పుడుకి బర్రెలు పాలు చేపేవి కావు.

కారు ఒక డాక్టరు గారిది. నడిపింది మొగిలి, సక్కుబాయమ్మ భర్త, నా క్లాస్‌మేట్ నరేందర్ వాళ్ల నాన్న. అప్పటికి పదేళ్ల కిందట ఒకరోజు ఇంజన్ పట్టేసింది. "నువ్వే పాడుచేశావు" అని డాక్టరు నలుగురిలో అనేసి, ఆయన్ని పనిలోంచి తీసేసి, ఆ చచ్చిన బండిని కూడా ఆయనకే అంటగట్టాడు. మొగిలి మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. కనబడిన ప్రతివాడికీ ఒకటే చెప్పేవాడు: "నా చేతుల ఖరాబ్ గాలే." నరేందర్ మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరిందే ఆ మాట నిజమని చూపించడానికి. బండి కదలాలి, నాన్న తలెత్తుకు తిరగాలి. వాడి కోరికల్లా అంతే.

ఇందులో నేనెందుకు దూరానంటారా? క్లాసంతటికీ నేనొక్కదాన్నే ఆడపిల్లని. లేత్ మిషన్ దగ్గర నిలబడితే చాలు, "జడ జాగ్రత్తమ్మా ఉమాశ్రీ" అనేవాళ్లు. ఒళ్లు మండి చేరాను. ఇంట్లో మాత్రం లైబ్రరీకని చెప్పేదాన్ని.

ఆ కారుది రోటరీ ఇంజన్. అందులో పిస్టన్లుండవు. సమోసా లాంటి మూడు మూలల ఇనప దిమ్మ గుండ్రంగా తిరుగుతుంది. మూలల్లో ఉండే సన్నటి పట్టీలు గోడని రాసుకుంటూ గాలి పోకుండా ఆపుతాయి. మా పట్టీలన్నీ అరిగి, మసి పట్టి, అతుక్కుపోయాయి. కొత్తవి జపాన్ నుంచి రావాలి. మా దగ్గరున్నది బస్ పాస్. ఆ పాస్‌తోనే బాలానగర్ షెడ్లన్నీ తిరిగి, ఒక పెద్దాయన కాళ్లావేళ్లా పడి పట్టీలు కోయించుకున్నాం. రబ్బరు రింగులు రాణీగంజ్‌లో దొరికాయి. కిరోసిన్ సక్కుబాయమ్మది, కడిగింది కూడా ఆవిడ కుడితి తొట్టిలోనే.

"ఏందిరా గిది! బర్రెలు కిరోసిన్ తాగాల్నా? మీ ఇంజన్‌ల మన్నువడ!" అని కొడుకునీ నన్నూ కలిపి తిట్టేది. తిట్టి, జొన్నరొట్టె పెట్టేది. అంత రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదు.

కార్బురేటర్ జోలికి మాత్రం పోలేదు, భయమేసి. దాన్నీ దాని గొట్టాల్నీ ఉన్నవున్నట్టే బిగించేశాం.

స్టార్ట్ చేయబోయే సాయంత్రం మొగిలి వచ్చాడు. అప్పటిదాకా కొట్టంలోకి తొంగి కూడా చూడని మనిషి. వంగి, ఒక సన్నటి గొట్టం చూపించాడు. మడిచి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టి ఉంది. లీకుకి వేసిన కట్టనుకుని మేం వదిలేశాం.

"గిది నేనే కట్టిన," అన్నాడు గర్వంగా. "బండి ఊకె ఆయిల్ తాగుతుండె. డాక్టర్ సాబ్‌కు ఖర్చెందుకని బంద్ వెట్టిన. గప్పటి సంది సుక్క తగ్గలే."

ఈ ఇంజన్ ఆయిల్ తాగాలి! ఆ గొట్టంలోంచి వచ్చే చుక్కలే పట్టీల్ని తడుపుతాయి. అవి ఆగిపోయాయి కాబట్టే ఎండిపోయి పట్టేసింది. పుస్తకంలో ఈ ముక్క చదివిన ఇద్దరమూ గొట్టం ఎదురుగా ఉన్నా పోల్చుకోలేదు.

"అయ్యో బాబాయ్, అదే కదా..." అని నోరు తెరిచానో లేదో, నరేందర్ నా కాలు తొక్కాడు. హవాయి చెప్పులేసుకున్న కాలు, ప్రాణం పోయింది.

"మంచిగ కట్టినవ్ నాయినా," అన్నాడు వాడు, ఆయన మొహంలోకి చూడకుండా.

బయటికి లాక్కెళ్లి దులిపేశాను. "విప్పకుండా స్టార్ట్ చేస్తే మళ్లీ పట్టేస్తుంది. ఇంత చాకిరీ మట్టిలో పోస్తావా?"

"జర ఆగు ఉమా. పదేండ్ల సంది గా ఒక్క మాట మీదనే బతుకుతుండు. అది నేనెట్ల గుంజుకోవాలె?"

వాడి కళ్లల్లో నీళ్లు. నా కోపం ఎటు పోయిందో. అప్పుడు మా నాన్న స్కూటర్ గుర్తొచ్చింది. బంకులో దానికి పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోస్తారు కదా! మేమూ అలాగే పోస్తే, గొట్టం కట్టేసి ఉన్నా పట్టీలకి తడి అందుతుంది. సైకిల్ మీద హఫీజ్‌పేట్ దాకా పోయి, డబ్బా నింపుకొచ్చాం.

తాళం తిప్పాడు నరేందర్. కిరాయి బ్యాటరీ మూలిగింది, ఇంజన్ దగ్గింది, ఆపైన ఒక్కసారిగా జుమ్మంది. కుట్టుమిషన్ పరుగెత్తినట్టు ఆగని మోత. సక్కుబాయమ్మ దండం పెట్టింది, నేను ఎగిరి గంతేశాను. మొగిలి మాత్రం వెనక్కి వెళ్లి సైలెన్సర్ దగ్గర నిలబడ్డాడు. నీలం పొగని ముక్కునిండా పీల్చి, చాలాసేపు అక్కడే ఉన్నాడు. "మంచిగున్నది" అని మాత్రం అని ఇంట్లోకి వెళ్లిపోయాడు.

మర్నాడు మేం కాలేజీ నుంచి వచ్చేసరికి ఆయన బానెట్ మూస్తున్నాడు. గొట్టం కట్టు విప్పి, తిన్నగా చేసేశాడు. సైకిల్ ట్యూబు ముక్క ఆయన వేలికి చుట్టుకుని ఉంది.

"స్కూటర్ పొగ వాసన నాకెరుక లేదా బిడ్డా?" అన్నాడు నాతో. "పెట్రోల్‌ల ఆయిల్ ఎందుకు కలిపిండ్రో సమజైంది. డాక్టర్ సాబ్‌ను ఇన్నేండ్లు వట్టిగనే తిట్టుకున్న." నరేందర్ తల మీద చెయ్యేశాడు. "నేను బాధపడ్తనని దాచినవ్ గదరా."

వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

"ఇగ జరుగుండ్రి," అంటూ మొగిలి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. "ముందుగాల డాక్టర్ సాబ్ ఇంటికి పోవాలె. ఖరాబ్ జేసింది నేనే, బాగు జేసింది నా కొడుకని చెప్పాలె."

ఆ మట్టిరోడ్డు మీద ఎదురెవరూ లేకపోయినా, ఆయన హారన్ కొట్టుకుంటూ పోయాడు.