మధ్యలో ఆగిన సాలు

మార్కు చివరికి పౌలు దగ్గరికి చేరాడా, లేదా? ఫెబాకు ఈ అనుమానం పెళ్లైన కొత్తల్లో పుట్టింది, ఇంకా తీరలేదు. సువార్త రాసిన ఆ మార్కు కుర్రతనంలో, యేసు మాట చాటుతూ ఊరూరా తిరిగే పౌలును ప్రయాణం మధ్యలో వదిలేసి ఇంటికి వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లాడో లేఖనంలో లేదు. మళ్లీ అతణ్ణి వెంట తీసుకుపోనని పౌలు పట్టుబట్టాడు. ముసలితనంలో మాత్రం చెరసాల నుంచి, మార్కును తీసుకురండి, నాకు పనికొస్తాడని కబురు పెట్టాడు. ఆ కథ అక్కడితో ఆగిపోయింది. పాస్టరుగారిని అడిగితే, "వెళ్లే ఉంటాడమ్మా" అన్నారు. ఆ 'ఉంటాడు'తో ఆమెకు తృప్తి కలగలేదు.

ఎందుకంటే ఆమె తమ్ముడి పేరూ మార్కే.

సత్తెనపల్లి దగ్గరి వాళ్ల ఊళ్లో మిరపకోతకు బంధువులు ఒకరికొకరు బదులు వెళ్తారు. ఇవాళ నీ చేలో మేం కోస్తే, రేపు మా చేలో నువ్వు కోయాలి. పెళ్లైన కొత్తల్లో ఒక ఏడు ఫెబా, ఆమె భర్త యేసుపాదం కలిసి మార్కు చేలో రోజంతా కోశారు. మర్నాడు మార్కు వీళ్ల చేలోకి వచ్చాడు. మధ్యాహ్నం వేళ మిరపమొక్కల సాలు మధ్యలో గోతం దించి, ఎవరికీ చెప్పకుండా గట్టెక్కి వెళ్లిపోయాడు. సింగరాయకొండలో ఉంటున్నాడని తర్వాత తెలిసింది.

"సగం సాల్లో వదిలేసి పోయినోడు నా గడప తొక్కటానికి వీల్లేదు" అన్నాడు యేసుపాదం. అన్న మాట మీదే ఉన్నాడు. ప్రతి క్రిస్మస్‌కీ ఫెబా డబ్బా అడుగున నాలుగు అరిసెలు ఉంచేది. అవి గట్టిపడ్డాక తనే పాలలో నానబెట్టుకుని తినేది.

ఈ ఏడు యేసుపాదం కళ్లలో శుక్లాలు ముదిరాయి. సాయంత్రాలు ఫెబాయే బైబిలు చదివి వినిపిస్తోంది. ఒకరోజు పౌలు పెట్టిన ఆ కబురు దాకా చదివింది. యేసుపాదం మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఒంటరిగా అనిపించి ఉంటదే" అన్నాడు.

"ఎవరికి?"

"పౌలుకి." గొంతు సవరించుకున్నాడు. "కోతకి మనుషులు దొరకట్లేదు. మీవాడి నంబరుందా?"

"వాడొస్తే మరి గడప..."

"చేలోకి రమ్మన్నా. గడప మాట ఎవరెత్తారే?"

ఫోనులో మార్కు, "చూద్దాంలే అక్కా" అన్నాడు. పొరుగింటి అంకమ్మ నవ్వింది. "వాడి చూద్దాం వచ్చే ఏటి పంటకేమోనే! అన్నం ఎక్కువ వండబాక."

ఫెబా రోజూ ఒకరికి ఎక్కువే వండింది. ఎదురుచూస్తూ మార్కు సువార్త మళ్లీ చదివింది. తోటలో యేసును పట్టుకున్న రాత్రి, ఒంటిమీది నారబట్ట వదిలేసి పారిపోయిన పడుచువాడు మార్కేనని కొందరు పెద్దలంటారు. పేరు రాసుకోలేదు గానీ, పారిపోయిన సంగతి దాచలేదు. ఆ మాట రాసేదాకా ఎన్నాళ్లు లోపల కుమిలాడో అనుకుంది.

ఒక పొద్దున భర్తను చెయ్యి పట్టి నడిపించుకుంటూ చేనికి వెళ్లేసరికి, కాలవ పక్క సాల్లో ఎవరో వంగి కోస్తున్నారు. తువ్వాలు కింద నెరిసిన జుట్టు. ఫెబా గట్టు మీదే ఆగింది.

"ఎవరే?" అన్నాడు యేసుపాదం.

"మా తమ్ముడయ్యా. సాలు మధ్య నుంచి కోసుకొస్తున్నాడు."

"ఏరా, గట్టు కాడ మొదలెట్టాలని తెలీదా? కోత మర్చిపోయావా?"

మార్కు నడుం ఎత్తాడు. "ఆపింది ఇక్కడే గదా బావా."

 యేసుపాదం తడుముకుంటూ పక్క సాల్లో కూర్చుని, చేతికందిన కాయనల్లా తుంచసాగాడు.

"బావా, పచ్చికాయలు కూడా కోస్తున్నావు."

"నోరు మూసుకుని నీది నువ్వు కోయరా."

ఎందుకు వెళ్లిపోయాడో ఫెబా అడగలేదు. మధ్యాహ్నం దాటాక మార్కు సాలు చివరికి చేరాడు. గోతం మూతి కట్టి బావ ముందు దించాడు.

"పూట బాకీ బావా."

యేసుపాదం గోతాన్ని పైనుంచి కిందిదాకా తడిమాడు. "తీరిందిరా. పద ఇంటికి. మీ అక్క రోజూ నీ అన్నం కూడా నాకే పెట్టి చంపుతోంది."