కొత్తకోడలి చెయ్యి

అచ్చాయమ్మ కాపురానికి వచ్చి పద్దెనిమిది రోజులైంది. కాళ్ల కడియాలు ఇంకా కొత్తవి. వాటి చప్పుడు వినాలన్న సరదాతో దగ్గరి దారి మానేసి, ఏటిగట్టు వెంట చుట్టు తిరిగి నీళ్లకు వెళ్లేది. గోదారి నడుమనున్న ఆ లంకలో అన్నీ ఆమెకు ముచ్చటగానే ఉండేవి. రాజోలు సంతనుంచి తిరిగొచ్చే పడవల్లో మనుషుల కేకలు, అత్త పోలమ్మ పెట్టే చేపల పులుసు, మొగుడు సూరయ్య తన నావ ముందుకొయ్యకు ఆమె కోసమని కట్టిన ఎర్రగుడ్డ పీలిక. గట్టు దిగువన ఊట కనిపించిన ఆ పొద్దున కూడా ఆమె నవ్వుకుంటూనే వచ్చింది.

వంగి చెంబుతో ముంచి చూసింది. నవ్వు పోయింది.

గన్నవరం దగ్గర ఆమె తండ్రి గట్టు కాపలా మనిషి. వరద రోజుల్లో ఊట తేటగా వస్తే భయం లేదనీ, బురదగా వస్తే గోదారి గట్టును లోపల్నుంచి తింటోందనీ ఆయన చిన్నప్పుడే చెప్పాడు. చెంబులో నీళ్లు మజ్జిగపులుసులా ఉన్నాయి. వెతికితే ఎలకబొరియలు ఐదు కనిపించాయి. గట్టుకు అవతల గోదారి. ఇవతల ఊరందరి ఆకుమళ్లు, వేలెడు ఎత్తు పచ్చని నారుతో.

ఆమె చెంబు పట్టుకుని రేవుకు పరిగెత్తింది.

రేవులో మగవాళ్లంతా ఒక రాట చుట్టూ ఉన్నారు. ఊళ్లో పెద్ద రైతు గోవిందరాజులు నీళ్లలో పాతించిన రాట అది. దానిమీద పదకొండు గాట్లు. పొద్దు వాలేసరికి వరద ఎన్నో గాటు దాకా వస్తుందన్నది పందెం. తొలకరిలో పొగాకు చుట్టలతో మొదలైంది. తర్వాత కొబ్బరికాయలు, ఆ తర్వాత దూడలు. ఏ పడవ ముందు ఒడ్డు తాకుతుంది, ఏ చెట్టు కాయ ముందు రాలుతుంది, ఎవరి ఆవు పెయ్యను ఈనుతుంది, అన్నీ పందేలే. గట్టుమీద తట్టెడు మన్ను వేసినవాడు మాత్రం ఈ ఏడు ఒక్కడూ లేడు. ధవళేశ్వరంలో కంపెనీ దొరలు ఆనకట్ట పని మొదలుపెట్టి అది రెండో ఏడు. ఇంకెందుకు గట్టు, దొరలే గోదారిని కట్టేస్తారు, ఈలోగా రాసిపెట్టినట్టు జరుగుతుంది అని అందరి మాట.

"గట్టు కరుగుతోందండీ! ఊట బురదగా వస్తోందండీ!" అంది అచ్చాయమ్మ రొప్పుతూ.

గోవిందరాజులు గట్టిగా నవ్వాడు. "ఒరే సూరయ్యా, మీ ఆవిడ కూడా పందెంలోకి దిగిందిరోయ్! ఎన్నో గాటంటావమ్మాయ్?"

"గాటు కాదండి. గట్టండి."

అందరూ నవ్వారు. సూరయ్యా నవ్వాడు. ఆమె చెంబు చాచి చూపించింది. అందులోకి తొంగి చూసినవాడు లేడు.

అప్పలస్వామి అనే చిన్న రైతు మాత్రం తల గోక్కున్నాడు. "పోనీ రెండు పొట్లాలు కట్టి అమ్మోరిని పువ్వడుగుదావండీ. ఎర్రపువ్వొస్తే మన్నేద్దాం. తెల్లపువ్వొస్తే హాయిగా ఇళ్లకెళ్లిపోదాం."

"ఆయ్, బాగా చెప్పేవు. పొట్లం తీసేదెవరు?" అన్నాడు గోవిందరాజులు.

"ఇంకెవరండీ? కొత్తకోడలు. పసుపారని పచ్చటి చెయ్యి."

ఆ మాటకు అచ్చాయమ్మ లోపల ఒక్క క్షణం పొంగిపోయింది. ఆ క్షణంలోనే వెనకనుంచి సూరయ్య గొంతు వినిపించింది.

"తెలుపే వచ్చుద్ది! నా నావ ఒడ్డుతున్నాను!"

"ఎరుపు. నా పాడిగేదె," అన్నాడు గోవిందరాజులు.

ఆమె మొగుడివైపు తిరిగింది. ఒళ్లు మండిపోయింది. గట్టు తెగుతుందా లేదా అన్నది వీళ్లకు అక్కర్లేదు. తెగితే ఒకడికి గేదె, తెగకపోతే ఒకడికి నావ. ఇప్పుడు ఆమె చెయ్యి కూడా ఆ రాటమీద ఒక గాటు.

అత్త పోలమ్మ వెళ్లి అమ్మవారి గుడిసె ఊడ్చి దీపం పెట్టింది. "మందారం ఒకటీ, నందివర్ధనం ఒకటీ కోసి, అరిటాకులో పొట్లాలు కట్టుకురాయే," అని కోడలిని పంపింది. అచ్చాయమ్మ రెండు పొట్లాలు అరటినారతో బిగించి తెచ్చింది. కొప్పులో ఒక నందివర్ధనం పెట్టుకుంది.

"ఇంత గోలలో ముస్తాబేంటే?" అంది పోలమ్మ.

కోడలు పొట్లాలు అత్త చేతికిచ్చింది. పోలమ్మ పొట్లాలను అటూ ఇటూ మార్చి అమ్మవారి ముందు పెట్టింది. సూరయ్య పక్కకు చేరి గుసగుసలాడాడు. "కుడిపక్కది తియ్యి. పొద్దున్నే నాకు కుడి భుజం అదిరింది."

"నావ పోతే ఏం తింటావయ్యా?"

"ఎందుకు పోద్దే? నీ చెయ్యి నాదేగా."

ఆమె కుడిపక్క పొట్లమే తీసింది. మందారం. రెండో పొట్లాన్ని ఎవరూ చూడకుండా చీర కుచ్చెళ్లలో దోపుకుంది.

సూరయ్య ముఖం మాడిపోయింది. ఊరు మాత్రం కదిలింది. చెంబెడు బురదనీళ్లకు కదలనివాళ్లు ఒక్క పువ్వుకు కదిలారు. తాటిమేకులు దిగగొట్టారు, గడ్డిచుట్టలు కుక్కారు, జిగురుమన్ను తొక్కారు. మధ్యాహ్నానికి వరద ఇంకో గాటు పైకి వచ్చింది. పొద్దు వాలేవేళకు పెద్ద బొరియలు రెండూ మూసుకున్నాయి. గట్టు నిలిచింది.

అంతే, పారలు పడేశారు. ఇంకా మూడు బొరియలున్నాయని ఆమె అంటూనే ఉంది.

"కొత్తకోడలి చెయ్యంటే చెయ్యేనండి!" అన్నాడు అప్పలస్వామి. "సూరయ్యా, ఎల్లుండి నా పుంజును బరిలోకి వదిలేది మీ ఆవిడే."

గోవిందరాజులు రేవులోకి దిగి సూరయ్య నావ తాడు విప్పబోయాడు. సూరయ్య పెళ్లాం మీదికి వచ్చాడు. "నీ చేతివల్ల నా నావ పోయింది!"

"ఆ తాడు వదలండి, గోవిందరాజులుగారండీ," అంది అచ్చాయమ్మ. కుచ్చెళ్లలోని పొట్లం తీసి అందరి ముందూ నార తెంపింది. నలిగిన మందారం.

అది జారి ఆమె కాళ్ల దగ్గర పడింది.

"ఇదీ ఎరుపే. నేనే కట్టేను." కొప్పులోంచి వాడిపోయిన నందివర్ధనం లాగి రాటమీదికి విసిరింది. "మీ తెల్లపువ్వు పొద్దుట్నించీ నా తలలోనే ఉంది. పొద్దున్నంతా బురదనీళ్లు చూపించి మొత్తుకున్నాను, ఒక్కరు చూసేరా? రెండు పువ్వులతో ఆడిస్తే ఊరంతా ఆడేరు. నా చెయ్యి మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. మన్ను తొక్కితే గట్టు నిలిచింది. అంతే!"

"అమ్మోరికి కోపమొచ్చుద్దే తల్లీ," అంది పోలమ్మ లెంపలు వేసుకుంటూ.

"రానీ అత్తా. నాకు ముందే వచ్చింది."

అప్పుడు సూరయ్య ఎగిరి గంతేశాడు. "రెండూ ఎరుపే అయితే పందెం చెల్లదు! నా నావ నాదే!"

ఆ సంతోషం ఆమె చూసింది. ఇంతసేపటి కోపం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ముందుకొయ్యకు ఎర్రగుడ్డ పీలిక గాలికి ఊగుతోంది. ఆమె వెళ్లి దాన్ని పీకేసింది.

"నీదేగా నావ? అయితే పైరేవు దిబ్బకెళ్లి మన్ను నింపుకురా. చీకటి పడకముందే రావాలి. ఇంకా మూడు బొరియలున్నాయి."

సూరయ్య గోవిందరాజులు వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు, కింద పడ్డ మందారం వంక చూశాడు.

"ఎవర్నడుగుతున్నావయ్యా?"

అతను గెడ తీసుకుని నావ ఎక్కాడు.

నావ మలుపు తిరుగుతుండగా వెనక అప్పలస్వామి మెల్లగా అన్నాడు. "ఈ వరదలో చీకటి పడేలోగా తిరిగొస్తాడంటారా? ఒక గెల కొబ్బరికాయలు..."

అచ్చాయమ్మ మన్ను నిండిన తట్ట ఎత్తి తెచ్చి అతని నెత్తిన పెట్టింది.

"నడు," అంది.