బుల్లెట్టు సొట్ట

పళ్ళ డాక్టరు గారింట్లో బీరువా నిండా కెమెరాలే గాని, ఆయన తీసిన ఫొటో ఒక్కటీ లేదు. కెమెరాలన్నీ ఒకే ఖరీదైన కంపెనీవి. ముందుగదిలో అద్దాల వెనక, సీలు చింపని పెట్టెల్లో కొలువుదీరి ఉండేవి. సీలు తెగితే విలువ పడిపోతుందట. పెట్టెలో కెమెరా ఉందో ఇటుకరాయి ఉందో ఆయన భార్యకు తెలియదు. ఆ మాటకొస్తే ఆయనకూ తెలియదు.

కంపెనీవాళ్ళు గడుసువాళ్ళు. ఒక ఏడాది మీటను బియ్యపుగింజంత పక్కకు జరిపి కొత్తదనేవారు. మరో ఏడాది కెమెరా ముందువైపున్న పేరు తీసేసి, పేరు లేనందుకు ఇంకాస్త ఎక్కువ గుంజేవారు. డాక్టరు రెండూ కొన్నాడు. "తేడా ఏమిటండీ?" అని భార్య అడిగితే, "నీకు చెప్పినా అర్థం కాదులే" అనేవాడు. తేడా తెలియనివాళ్ళందరూ చెప్పే జవాబే అది.

ఆదివారాలు ఆయన క్లబ్బు మిత్రులు నలుగురు వచ్చేవారు. తెల్ల గ్లవుజులు తొడుక్కుని, ఒకరి పెట్టెలు ఒకరు ఎత్తుకుని, పురిటిబిడ్డను చూడవచ్చిన చుట్టాల్లా మురిసిపోయేవారు. ఆమె టీ తెస్తే, ఆవిరి తగులుతుందని కప్పులు గుమ్మం దగ్గరే పెట్టించేవారు.

ఆ ఇంట్లో పనిచేసే కెమెరా ఒక్కటే. అదీ ఆ కంపెనీదే. ఆమె తండ్రిది. పత్రికా ఫొటోగ్రాఫరుగా బతికినన్నాళ్ళూ ఆయన దాన్ని మెడలోంచి దించలేదు. కుడి బొటనవేలు ఆనేచోట నల్లరంగు పోయి ఇత్తడి బయటపడింది. ఒక మూల సొట్ట. మనవరాలు పుట్టిన దగ్గర్నుంచి ఏటా పుట్టినరోజుకు ఇంటి మెట్ల మీద నిలబెట్టి ఆ పిల్లకొక ఫొటో తీసేవాడు. ఆయన పోయాక కూతురు ఆ వరస తప్పనివ్వలేదు. ఆ ఇత్తడి మీద వేలు ఆనించినప్పుడల్లా నాన్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది ఆమెకు.

ఈసారి పుట్టినరోజు పొద్దున బట్టల బీరువా తెరిచి, చీరలన్నీ తీసి వెతికింది. కెమెరా లేదు.

"ఏమండీ, నాన్న కెమెరా చూశారా?"

"అదా? షాపులో ఇచ్చేశా," అన్నాడు డాక్టరు, మొహం వెలిగిపోతూ. "కొత్త ఎడిషన్ కావాలంటే పాతదొకటి ఇవ్వాలన్నారు. ఇదిగో! ప్రపంచం మొత్తానికి ఐదు వందలే చేశారు."

ఈ పెట్టెకు గాజుమూత ఉంది. లోపల నల్లటి కెమెరా. బొటనవేలు ఆనేచోట రంగు పోయి ఇత్తడి కనిపిస్తోంది.

"అప్పుడే అరిగిపోయిందేమిటి?"

"అరగలేదే పిచ్చిదానా. ఫ్యాక్టరీలో చేత్తో అరగదీశారు. బాగా వాడినట్టు కనిపించాలని."

"అయితే వాడొచ్చుగా?"

"వాడితే పాడైపోదూ!"

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. నిజంగా అరిగినదాన్ని ఇచ్చేసి, అరగదీసినదాన్ని తెచ్చుకున్న ఆ మనిషిని చూస్తే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. ఈయన ముందు ఏడవడం కూడా దండగనిపించి, లోపలి గదిలోకి వెళ్ళి ఏడ్చింది. తర్వాత షాపుకు వెళ్ళి అడిగితే, "దానికి వేరే ఏర్పాటు జరుగుతోందమ్మా" అని షాపతను నీళ్ళు నమిలాడు. సాయంత్రం కొత్త గౌను వేసుకుని కూతురు మెట్ల మీద నిలబడే ఉంది. ఆ ఏడు ఫొటో లేదు.

కొన్నాళ్ళకే గాలి మళ్ళింది. ఫ్యాక్టరీలో అరగదీసింది ఎవడైనా కొనగలడు, నిజంగా అరిగినదే గొప్పదని క్లబ్బు తేల్చేసింది. ఆ వచ్చే ఆదివారమే డాక్టరు మరో పెట్టెతో ఊరేగింపుగా వచ్చాడు.

"ఇది ప్రపంచంలో ఒక్కటే! యుద్ధాల్లో తిరిగిన ఫొటోగ్రాఫరుది. ఈ సొట్ట చూశారూ? బుల్లెట్టు! కెమెరా అడ్డుపడి మనిషి బతికాడు. షాపువాళ్ళు సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు."

ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమనే బాపతు ఆ నలుగురూ. ఊపిరి బిగబట్టి సొట్టను తడిమారు.

టీ పళ్ళెంతో వచ్చిన ఆమె చూపు కెమెరా మీద ఫొటోకు నొక్కే గుండీ దగ్గర ఆగింది. గుండీ మీద ఎర్రచుక్క. పళ్ళెం తీసుకెళ్ళి సరిగ్గా ఆ పెట్టెల మధ్యే పెట్టింది.

"అది మా నాన్నది."

"నువ్వూరుకో," అన్నాడు డాక్టరు.

"ఆ చుక్క చిన్నప్పుడు నా గోళ్ళరంగుతో నేను పెట్టిందే. సొట్ట బుల్లెట్టుది కాదు. మంత్రిగారు కొళాయి ప్రారంభించిన రోజు నాన్న ఆ నీళ్ళలోనే కాలు జారి బోర్లా పడ్డాడు. మంత్రిగారే చెయ్యిచ్చి లేపారు. మా నాన్న యుద్ధం మొహం ఎప్పుడూ చూళ్ళేదు."

"కొళాయా?" అన్నాడొకాయన నీరసంగా. గ్లవుజులు విప్పేశాడు. మిగతావాళ్ళూ విప్పేశారు.

డాక్టరు ఆమెను వంటింట్లోకి లాక్కెళ్ళాడు. "నీకు దండం పెడతా. పొరబడ్డానని చెప్పు. బుల్లెట్టే అని చెప్పు. నా పరువు పోతుంది."

"మీరిచ్చేసినదాన్ని మీరే కొనుక్కొచ్చారు. ఇన్నేళ్ళు మనింట్లోనే ఉంది కదా, ఒక్కసారైనా దానివంక చూశారా?"

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఈ మహానుభావుడికి పెరట్లో చెట్టుందనే తెలియదు. భర్త మీద ఆమెకు మిగిలిన కాస్త జాలి కూడా అక్కడే ఆవిరైపోయింది. బుల్లెట్టని ఒక్క మాటంటే చాలు, కెమెరా అద్దాల బీరువా ఎక్కుతుంది, ఇక దానికి మనిషి చెయ్యి తగలదు. ఆమె ముందుగదిలోకి నడిచింది.

"కొళాయే," అంది అందరి ముందూ.

"తీసుకుపో నీ కొళాయి కెమెరా!" అని డాక్టరు పెట్టెను ఆమె వైపు నెట్టేశాడు.

ఆమె ఉత్త చేతులతో బయటికి తీసింది. బొటనవేలు దాని చోటుకది చేరుకుంది. పుట్టినరోజుకని తెచ్చిన రీలు సొరుగులోనే ఉంది. దాన్ని ఎక్కించి మీట తిప్పింది. కర్రుమన్న ఆ చప్పుడుకు ఐదుగురూ తలలెత్తారు. కెమెరా అలా చప్పుడు చేస్తుందని వాళ్ళకు తెలియదు.

"ఎలాగూ రీలు వేశావు కదా చెల్లెమ్మా, మమ్మల్నొకటి తియ్యి," అన్నాడు గ్లవుజులు ముందుగా విప్పినాయన. ఐదుగురూ అద్దాల బీరువా ముందు వరసగా నిలబడి, మళ్ళీ గ్లవుజులు తొడుక్కున్నారు.

ఆమె కెమెరా కంటికి ఆనించి చూసింది. తెల్ల చేతులు, వెనక విప్పని పెట్టెలు. దించేసింది.

"రీలు దండగ అన్నయ్యా," అని, కూతుర్ని మెట్ల దగ్గరికి రమ్మని కేకేసింది.